పురుగు ముఖం చూడనేర్వడం
(పట్టణ తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కీటకాలను, సాలెపురుగులను, ఇతర చిన్న ప్రాణులను దగ్గరగా ఫోటో తీయడం గురించి, ఆ ఫోటోను బట్టి వాటిని గుర్తించడం గురించి మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. కెమెరాల సంగతి ముందుగా వినాలని కొందరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. వారు కొంచెం ఓపిక పట్టాలి. మొదట నేను చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి. ఈ ప్రసంగానికి అసలు కారణం అదే.

2018 నవంబరు నెల. ఒట్టపిడారం దగ్గర మా మేనమామ గారి మొక్కజొన్న చేను. వానను నమ్మి నల్లరేగడిలో విత్తిన పైరు అప్పటికి మోకాలెత్తు పెరిగింది. ఆకులనిండా చింపిరి చిల్లులు. ఆకుల సుడిలో తడిసిన రంపపు పొట్టు వంటి లద్దె. "ఎప్పుడూ వచ్చే కాండం తొలిచే పురుగే గదప్పా" అన్నారు మామ. నేను పట్టణం నుండి సెలవుకు వెళ్ళినవాణ్ణి, చేతిలో కొత్త మాక్రో లెన్సు ఉన్నవాణ్ణి. సుడి విప్పి లోపలి గొంగళిపురుగును ఫోటో తీశాను. అందమైన ఫోటో. ఆకుపై మంచుబిందువు మెరుస్తున్నది, వెనుక పచ్చదనం మెత్తగా కరిగిపోయింది, పురుగు వీపు మీద గీతలు స్పష్టంగా వచ్చాయి. దానిని పురుగుల సంగతి తెలిసిన ఒక మిత్రునికి పంపాను. మరునాడు జవాబు వచ్చింది: "తల కనబడడం లేదు. తలా, తోక చివరా కనబడేటట్లు మరొకటి పంపగలరా?"

పంపలేకపోయాను. అప్పటికి పట్టణానికి తిరిగి వచ్చేశాను. మళ్ళీ చేనికి వెళ్ళేసరికి రెండు వారాలు గడిచాయి. అప్పుడు తల తీశాను, తోక తీశాను. జవాబు గంటలో వచ్చింది. కాని అప్పటికి పురుగులు ముదిరిపోయాయి, సుడి లోపల దిగిపోయాయి, మామ కొట్టిన మందు వాటిని తాకలేదు. ఆ ఏడు ఆ చేను నుండి వచ్చినది పశువుల మేతే.

ఆ పురుగు పేరు ఇప్పుడు మీలో చాలామందికి తెలుసు. తెలుగులో కత్తెర పురుగు, తమిళంలో పడైప్పుళు. అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాలు దాని స్వస్థలం. 2016లో ఆఫ్రికాలో కనబడింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్న చేలలో మన దేశంలో మొదటిసారి దానిని గుర్తించారు. ఆ వానాకాలం ముగిసేలోపు అది కోవిల్‌పట్టి, విలాత్తికుళం, ఒట్టపిడారం వైపు మానావారి చేలదాకా వచ్చేసింది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో నూరు కిలోమీటర్లు ఎగరగలదు. ఆడపురుగు గుడ్లను నూరు, రెండువందల చొప్పున ఒక్కచోట కుప్పగా పెట్టి, తన ఒంటి పొలుసులతో కప్పుతుంది.

దానిని పట్టి ఇచ్చేవి రెండు గుర్తులు. తల ముందుభాగాన తలక్రిందులుగా వ్రాసిన ఇంగ్లీషు 'వై' అక్షరం వంటి లేతరంగు గీత. తోక దగ్గర, పొట్ట ఎనిమిదవ ఖండం మీద చతురస్రంగా అమరిన నాలుగు నల్లని చుక్కలు. రెండూ కలిసి ఉండాలి. 'వై' గీత ఒక్కటే చూచి తీర్పు చెప్పరాదు. పొగాకు లద్దెపురుగు వంటి దగ్గరి బంధువుల తల మీద కూడా అటువంటి గీత మసకగా కనబడవచ్చు. నేను తీసిన మొదటి ఫోటోలో ఉన్నది వీపు మధ్యభాగం. ఎన్నో గొంగళిపురుగుల వీపు అలాగే ఉంటుంది. నేను ఫోటో తీసినది పురుగును కాదు, దాని చొక్కాను అనాలి.

రెండు వారాలు ఎందుకంత ముఖ్యమయ్యాయని అడగవచ్చు. ఈ పురుగు రెక్కలు వచ్చేలోపు ఆరు దశలు పెరుగుతుంది. మొదటి మూడు దశలలో అది ఆకు పైపొరను గోకుతూ బయటనే ఉంటుంది; చేతితో నలిపినా, వేపమందు చల్లినా చస్తుంది. తరువాత సుడిలోకి దిగి, తన లద్దెతోనే పైన మూత వేసుకొంటుంది. అది తినే మొత్తం ఆకులో ఎక్కువ భాగం చివరి దశలలోనే తింటుంది. వెచ్చని వాతావరణంలో ఇదంతా సుమారు రెండు వారాల కథ. అంటే, మంచుబిందువు కొరకు నేను వెచ్చించిన శ్రద్ధలో సగం పురుగు ముఖం మీద పెట్టి ఉంటే, లింగాకర్షక బుట్టలు కట్టడానికో, సుడిలో ఇసుక పోయడానికో కొంత వ్యవధి దొరికేది. చేను మొత్తం దక్కేదని నేను అనను. మామ కూడా అనలేదు. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆ తరువాత నేను ఫోటో తీసే పద్ధతి మారింది. ఇప్పుడు పురుగు కనబడితే మొదట, ఎంత వంకరగా వచ్చినా సరే, దూరం నుండే ఒకటి తీస్తాను. ఎగిరిపోతే ఆ ఒక్కటే సాక్ష్యం. తరువాత పైనుండి, ప్రక్కనుండి, ముఖం ఎదుట నుండి, వీలైతే క్రిందినుండి. అది కూర్చున్న మొక్కను విడిగా ఒకటి. ప్రక్కన అగ్గిపెట్టె అంచు గాని, మిల్లీమీటర్లు గుర్తించిన కాగితపు ముక్క గాని పెట్టి మరొకటి. రూపాయి బిళ్లను కొలతకు వాడవద్దని నా మనవి. ఆ బిళ్ల పరిమాణమే ఎన్నోసార్లు మారింది.

క్రిందినుండి ఎందుకు తీయాలో పత్తి చేను నేర్పుతుంది. కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుప్రక్కల పత్తి చేలలో పెరిగినవారికి ఎర్రని, పొడవాటి కాళ్ళ పురుగు గుర్తుండే ఉంటుంది. విచ్చిన కాయల మీద గుంపులుగా చేరుతుంది. రెండేసి తోకకు తోక కలుపుకొని, ఒకటి ముందుకూ ఒకటి వెనుకకూ నడుస్తూ పిల్లలను నవ్విస్తుంది. గింజలోని రసం పీల్చి, దూదిని మరకపరుస్తుంది. దాని శాస్త్రనామం డిస్‌డెర్కస్. వాటి నడుమనే, దాదాపు అదే ఎరుపుతో, మరికొంచెం బలిష్ఠమైన పురుగు ఒకటి తిరుగుతూ ఉంటుంది. పేరు ఆంటిలోకస్. ఇద్దరూ ఒకే కుటుంబంవారు. కాని ఈ రెండవది పత్తిని ముట్టదు. మొదటిదానిని పట్టి, ముక్కు గుచ్చి, పీల్చి తింటుంది. దాని పిల్లలు కూడా అంతే. మనం ఎరుపు చూచి రెండింటినీ కలిపి మందు కొడతాము. తేడా చూడాలంటే మెడ దగ్గరా, పొట్ట క్రిందా చూడాలి. డిస్‌డెర్కస్‌కు తల వెనుక తెల్లని పట్టీ, ఎర్రని పొట్టపై అడ్డంగా తెల్లని చారలు ఉంటాయి. ఆంటిలోకస్‌కు ఆ తెలుపు లేదు. చిన్న అద్దం ముక్క ఆకు క్రింద పెట్టి తీస్తే ఆ పొట్ట ఫోటోలో వస్తుంది.

ఇప్పుడు కెమెరా మాట. నిజమైన మాక్రో అంటే వస్తువు ఎంత ఉన్నదో దాని ప్రతిబింబం కెమెరా లోపలి సెన్సారు మీద అంతే పడడం. సెంటీమీటరు పురుగు అక్కడ కూడా సెంటీమీటరే. అంత దగ్గరకు వెళ్ళినప్పుడు స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కన్ను స్పష్టమైతే కాలు మసక, కాలు స్పష్టమైతే రెక్క మసక. కాబట్టి గుర్తుకు కావలసిన భాగం ఏదో ముందే తెలిసి ఉండాలి, దాని మీదనే గురి పెట్టాలి. పెద్ద కెమెరా లేనివారు బాధపడనవసరం లేదు. సెల్‌ఫోనుకు తగిలించే చిన్న లెన్సుతో తీసిన కత్తెర పురుగు తల, నేను ఖరీదైన లెన్సుతో తీసిన దాని వీపు కంటే వేయిరెట్లు విలువైనది. ఉదయం ఎండ ఎక్కకముందు వెళ్ళండి. చల్లదనానికి పురుగులు మందంగా ఉంటాయి. వాటిని ఫ్రిజ్జులో పెట్టి కదలకుండా చేసి తీసేవారు కూడా ఉన్నారు. ఆ ఫోటోలలో కాళ్ళు ముడుచుకొని ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. అటువంటి ఫోటోను నేను మెచ్చుకోలేను.

వెలుగు గురించి ఒక మాట. జీరంగిని మీరు ఎరుగుదురు, తమిళంలో పొన్‌వండు. తుమ్మచెట్ల మీద దొరుకుతుంది. దానిని తుమ్మాకుతో సహా అగ్గిపెట్టెలో పెట్టి బడికి తీసుకువెళ్ళని పిల్లవాడు మా కాలంలో లేడు. కోవిల్‌పట్టి వైపు అగ్గిపెట్టెలకు కరువా? ఆ పచ్చని మెరుపు రంగు పూసినట్టిది కాదు. దాని పై చిప్పలోని సన్నని పొరల మీద కాంతి పరావర్తనం చెందడం వలన వచ్చేది. అందుకే పురుగు చనిపోయినా ఏండ్ల తరబడి వెలియదు. అందుకే ఫ్లాషు నేరుగా కొడితే ఫోటోలో పచ్చదనం పోయి తెల్లని మచ్చ మిగులుతుంది. ఫ్లాషుకు ముందు పాలప్యాకెట్టు ముక్కో, తెల్లని పలుచని గుడ్డో అడ్డం పెట్టండి. రంగు తిరిగి వస్తుంది.

గుర్తింపులో తొలి మెట్టు కాళ్ళు లెక్కించడం. మన భాషలో 'పురుగు' అనే మాట చాలా ఉదారమైనది; గొంగళిని, పేడపురుగును, సాలీడును, నల్లిని అన్నింటినీ తనలో ఇముడ్చుకొంటుంది. ఆరు కాళ్ళుంటే కీటకం, ఎనిమిది ఉంటే సాలెపురుగు వర్గం, లెక్కకు అందకపోతే జెర్రి లేక రోకలిబండ. మామిడితోటలలో ఎర్రచీమల మధ్య చీమవలె నటించే సాలీడు ఒకటి ఉన్నది. ముందరి రెండు కాళ్ళను మీసాలవలె పైకెత్తి ఆడిస్తుంది. కాళ్ళు లెక్కిస్తేనే దొరికిపోతుంది. సాలెపురుగులలో ఎవరెవరో తేల్చేది కళ్ళ వరుస. దుమికే సాలీడుకు ముందు రెండు పెద్ద కళ్ళు కారు దీపాలవలె ఉంటాయి. నేల మీద పరుగెత్తే తోడేలు సాలీడుకు క్రింద నాలుగు చిన్నవి, పైన రెండు పెద్దవి, వెనుక మరి రెండు. ఇక్కడ కూడా ముఖమే ముఖ్యం.

ఇక పేర్లు. నేను ఎక్కువ సేపు నిలవదలచిన చోటు ఇది.

మనలో కొందరి పూర్వులు శతాబ్దాల క్రిందట ఉత్తరం నుండి ఈ నల్లరేగడికి వచ్చారు. మరికొందరు నిన్న మొన్న ఉద్యోగానికి వచ్చారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం. రెండు భాషల మధ్య పురుగులు ఎంత చిక్కు పెడతాయో చూడండి. తెలుగులో తుమ్మెద అంటే నల్లని పెద్ద భ్రమరం. దాని తోబుట్టువు వంటి తమిళ మాట తుంబి. పాత కావ్యాలలో అది కూడా భ్రమరమే. నేటి వాడుకలో మాత్రం తుంబి అంటే తూనీగ. మా ఇంట్లో మా అమ్మ తుమ్మెద అన్నప్పుడు పక్కింటి పిల్ల తూనీగ వైపు చూసేది. తెలుగు సెలది, తమిళ సిలంది మాత్రం ఒక్క సాలీడునే చూపిస్తాయి.

ఇంకొకటి. తొలివానకు ఎర్రని మఖమలు ముక్కవలె నేలమీద పాకే చిన్న ప్రాణి ఉన్నది. ఎనిమిది కాళ్ళు, కీటకం కాదు, సాలీళ్ళకు చుట్టం. పిల్లదశలో మాత్రం దానికి ఆరే కాళ్ళు. అప్పుడు మిడతల వంటి వాటి ఒంటిని పట్టుకొని రసం పీలుస్తుంది. దానికి ఆంధ్రదేశంలో ఆరుద్ర పురుగని పేరు. జూన్ చివర ఆరుద్ర కార్తెలో వానలు పడితే అది బయటకు వస్తుంది గనుక ఆ పేరు. కాని ఒట్టపిడారంలో ఆరుద్ర కార్తెలో వాన ఏది? పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకొంటాయి. మనకు వాన ఐప్పసిలో, అంటే అక్టోబరు, నవంబరులో. ఆ ప్రాణి కూడా అప్పుడే వస్తుంది. ఇక్కడి నేల మీద నిలిచి ఆరుద్ర పురుగు అనడమంటే, మరొక నేల మీద పడిన వానను తలచుకోవడమే. పుస్తకాలలో అది ఎప్పుడు వస్తుందో చదివి ఇక్కడ జూన్‌లో వెదికే పిల్లలకు అది దొరకదు. అందుకే ఫోటోతో పాటు తేదీ, ఊరు వ్రాయాలని పోరుతున్నాను. తేదీ, స్థలం లేని ఫోటో గోడకు తగిలించుకోవడానికి పనికివస్తుంది, అంతకుమించి కాదు.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. ఆయన తమిళ రచయితగా 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. కరిసల్ నేల మాటలను ఊరూరా ఏరి నిఘంటువు కూర్చారు. అదే నేల మీద మన ఇళ్ళలోని తెలుగు మాటలను అంత శ్రద్ధగా ఏరినవారు నాకు కనబడలేదు. మీ అమ్మమ్మ ఏ పురుగును ఏమని పిలిచేదో, ఫోటో క్రింద శాస్త్రనామం ప్రక్కన ఆ మాట కూడా వ్రాయండి. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి చోట్ల ఫోటో పెడితే దేశదేశాల పరిశీలకులు చూచి శాస్త్రనామం సూచిస్తారు. అమ్మమ్మ పేరు మాత్రం వారు చెప్పలేరు.

పురపాలక సంఘం వారి పుస్తకంలో ఈ ప్రసంగం అచ్చవుతుందన్నారు కనుక పట్టణం మాట కూడా చెప్పాలి. మన వీధులలో నీరు రోజూ రాదు. పీపాలలో పట్టి ఉంచుతాము. ఆ మంచినీటిలో పెరిగేది డెంగ్యూ దోమ. మురుగుకాలువ దోమ వేరు. గోడ మీద వాలిన దోమను ఫోన్ లెన్సుతో తీసి పెద్దది చేసి చూడండి. నల్లని ఒంటి మీద, కాళ్ళమీద తెల్లని పట్టీలు, వీపు మీద వీణ వంగినట్లు తెల్లని గీతలు ఉంటే అది ఈడిస్ ఈజిప్టి. వీపు నడుమ ఒకే తెల్లని గీత ఉంటే దాని చెల్లెలు ఆల్బోపిక్టస్. ఏ ఇంటి పీపా దగ్గర ఏ తేదీన తీశారో వ్రాసి వార్డు ఆరోగ్య సిబ్బందికి చూపితే, వారు ఆ వీధిలో పీపాల మూతలు చూడడంతో పని మొదలుపెట్టవచ్చు.

స్థలం వ్రాయమని ఇంతసేపు చెప్పాను. వ్రాయకూడని సందర్భం కూడా ఒకటి ఉన్నది. అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిలువచేసే చోట, ఒక పెద్ద సాలీడు దొరికింది. ఒళ్ళంతా లోహపు నీలం. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దానిని పోయ్‌సిలోథీరియా మెటాలికా అని వర్ణించాడు. గుత్తి సాలీడు అన్న పేరు స్థిరపడింది. తరువాత నూరేళ్ళపాటు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ కనబడినప్పుడు, దాని స్వస్థలం గుత్తి కాకపోవచ్చునని, కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అర్థమయింది. దిగిన స్టేషను పేరే దాని ఇంటిపేరయింది! ఆ నీలం రంగు కొరకు విదేశాలలో దానిని పెంచుకొనేవారు ఉన్నారు. అంతర్జాతీయ జాబితాలో అది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. అటువంటి ప్రాణి ఏ చెట్టు తొర్రలో ఉన్నదో ఫోటో క్రింద అక్షాంశాలతో సహా ప్రకటించడమంటే దొంగకు తాళంచెవి ఇవ్వడమే. ఫోన్లు మనకు చెప్పకుండానే ఆ అక్షాంశాలను ఫోటోలో దాస్తాయి. అరుదైన జీవి అయితే వాటిని చెరిపివేసి, జిల్లా పేరుతో సరిపెట్టండి. పైన చెప్పిన వేదికలలో స్థలాన్ని మరుగుపరచే వీలు కూడా ఉన్నది.

మా మామకు ఇప్పుడు డెబ్బై దాటింది. గత రెండేళ్ళుగా ఆయనే ఫోటోలు పంపుతున్నారు. సగం వణుకుతాయి, కొన్నింటిలో బొటనవేలు అడ్డం వస్తుంది. కాని సుడి విప్పి, పురుగును ఆకు మీదకు తీసి, తల ఒకటి, తోక ఒకటి, రెండు ఫోటోలు తప్పకుండా ఉంటాయి.

ఐప్పసి మొదటి వాన తరువాత వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఒట్టపిడారం చేలవైపు వెళ్దామని కొందరం అనుకొంటున్నాము. పిల్లలను తీసుకురండి. పాములుంటాయి కనుక బూట్లు వేయించండి. ఫోను చాలు. ఎర్ర మఖమలు ప్రాణులను ఏరి డబ్బాలో వేయవద్దని పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి తీసుకురండి. ఖాళీ అగ్గిపెట్టె ఒకటి జేబులో ఉండనివ్వండి, కొలతకు పనికివస్తుంది.